త్రివేండ్రం పండక్కి ఎవర్ని పిలుస్తారు, ఎవర్ని పిలవరు? (ఐఎఫ్‌ఎఫ్‌కే మీద చర్చ)

రీలుపెట్టె
గోవాలో జరిగే అంతర్జాతీయ సినిమా పండగ ఇఫీకి రెండుసార్లు వెళ్ళొచ్చాను. వచ్చే డిసెంబరులో త్రివేండ్రంలో జరిగే కేరళ వాళ్ళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, ఐఎఫ్‌ఎఫ్‌కేకి పోదామని ఉంది. ఊరికే చూడ్డానికే కాదు, మా మిత్రబృందం చిన్న తెలుగు సినిమా ఒకటి పూర్తి చేసింది, పంపుదామా అని వాళ్ళ నిబంధనలు చదువుతూ కూర్చున్నా. చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. పోటీ విభాగానికి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలే తీసుకుంటారట. ఫ్రాన్సు వాడూ అమెరికా వాడూ ఎంత గొప్పగా తీసినా పోటీలోకి రాకూడదు. పోనీ మనకి మేలే కదా అనుకుంటే, ఆ విభాగంలో ఏటా ఉండేవి 14. అందులో మలయాళానికి రెండు, మిగతా భారతదేశం మొత్తానికి రెండు. అంటే బెంగాలీ, మరాఠీ, అస్సామీ, తమిళం, కన్నడం అన్నిటితో పాటు మనమూ ఆ రెండు కుర్చీల చుట్టూ తిరగాలి.

నా సందేహం ఒక్కటే. సినిమాకి సరిహద్దులుండవు అనే మాట పండగల్లోనే కదా ఎక్కువ వింటాం. మరి పండగే సరిహద్దు గీస్తే దాన్నేమనాలి? ఇదొక విధానమా, లేక ఎప్పుడో పెట్టిన రూలు అలా నడిచిపోతోందా? వెళ్ళినవాళ్ళు చెప్పండి.

తుంబా_అనంతపురం
రీలుపెట్టె గారూ, నేను ఉద్యోగం మీద త్రివేండ్రం వచ్చి 14 ఏళ్ళయింది. డిసెంబరు రెండో వారం వస్తే మా ఆఫీసులో తెలుగోళ్ళు ముగ్గురం సెలవు పెట్టేస్తాం, మా మేనేజరుకీ అలవాటైపోయింది.

అది అలా నడిచిపోతున్న రూలు కాదు, కావాలని గీసిన గీత. పండగ 1996లో కోళిక్కోడ్‌లో మొదలైంది. 1998లో ప్రభుత్వం చలచిత్ర అకాడమీ పెట్టింది, షాజీ ఎన్. కరుణ్ తొలి అధ్యక్షుడు. పండగ ఆ అకాడమీ చేతికొచ్చాక పోటీ పెట్టారు. పెట్టేటప్పుడు వాళ్ళ ముందున్న ప్రశ్న సులువైనదే. కాన్, వెనిస్, బెర్లిన్‌కి ప్రపంచంలో ఎవరైనా ముందు పరిగెడతారు. మనం కూడా అందర్నీ పిలిస్తే అక్కడ మిగిలింది ఇక్కడికొస్తుంది. అలా కాకుండా, కొనేవాడూ హాలూ దొరకని సినిమాలకి మనమే పెద్దపీట వేస్తే? అంతర్జాతీయ నిర్మాతల సమాఖ్య గుర్తింపులో కూడా గోవా సాధారణ పోటీ ఉత్సవం, ఇది ప్రత్యేక పోటీ ఉత్సవం. ఆ 'ప్రత్యేకం' అన్న మాటలోనే వీళ్ళ దారంతా ఉంది.

దాని ఫలితం చెప్తా వినండి. 2021లో 25వ పండగలో సువర్ణ చకోరం, అంటే పోటీలో పెద్ద బహుమతి, గెల్చుకున్నది లెసోతో సినిమా. లెసోతో మ్యాప్‌లో ఎక్కడుందో నేను ఆ రాత్రి వెతికి చూసుకున్నా. 2022 డిసెంబరులో బొలీవియా సినిమా 'ఉతామ'. అది చూసిన రోజు నాకింకా గుర్తుంది. ఆండీస్ కొండల మీద లామాలు మేపుకునే ముసలాయన, ముసలామె. వాన లేదు. ఊరి బోరింగు ఎండిపోతుంది, ముసలామె బకెట్లు పట్టుకుని ఏటి దాకా నడుస్తుంది. పట్నం నుంచి మనవడొచ్చి మాతో వచ్చేయండంటాడు, ముసలాయన కదలడు. తన దగ్గు పెళ్ళానికి తెలీకుండా దాచుకుంటాడు. మాది కల్యాణదుర్గం పక్క పల్లె. మా జేజినాయన కూడా బెంగుళూరుకి రమ్మంటే ఇట్లనే గోడ వైపు తిరిగి పడుకుండేవాడు. కెచువా భాషలో ఒక్క ముక్క తెలీకపోయినా హాల్లో నేను కళ్ళు తుడుచుకుంటున్నా. పక్కన ముండు (మలయాళీ పంచె) కట్టుకున్న పెద్దాయన నా వైపు చూసి మలయాళంలో 'ఎక్కడి నుంచి' అనడిగాడు. అనంతపురం అన్నా. తలూపాడు, మళ్ళీ తెర వైపు తిరిగాడు. అంతే.

ఈ సినిమా గోవాలో ఆడితే నేను చూసేవాణ్ణా? బహుశా పక్క హాల్లో పేరున్న ఫ్రెంచి సినిమాకి పొయ్యుండేవాణ్ణి.

బాల్కనీ_రెండొందలు
అన్నా, కథ బాగా చెప్పావు గానీ రూలు గురించి మాట్లాడదాం. 2023లో సువర్ణ చకోరం ఎవరికిచ్చారు? జపాన్ దర్శకుడు హమగుచి 'ఈవిల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్'కి. అప్పటికే వెనిస్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి కొట్టేసిన సినిమా. అంతకు ముందు 'డ్రైవ్ మై కార్'కి ఆస్కార్ వచ్చిన మనిషి. హాలు దొరకనోడు అంటే ఈయనేనా? జపాన్ ఆసియాలో ఉందన్న ఒక్క కారణంతో లెసోతో పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ ఒకే పరుగుపందెం పెడితే అది న్యాయం ఎట్లా అవుతుంది? రుమేనియాలో అప్పు చేసి తీసినోడికి మాత్రం పోటీలో చోటు లేదు. యూరప్ కదా!

ఇంకోటి. పోటీలో 14 సినిమాలే. పండగ మొత్తం చూస్తే నూటయాభై దాటుతుంది. ఆ మిగిలినవాటిలో ప్రపంచ సినిమా అని పెట్టే విభాగం విప్పి చూడు. ఆ ఏడాది కాన్, బెర్లిన్‌లో ఆడినవే సగం పైన. తోక మీద మూడో ప్రపంచం జెండా, ఒళ్ళంతా యూరప్. అసలు మూలం కమ్యూనిస్టు సర్కారు సరదా అని నా అనుమానం.

తుంబా_అనంతపురం
జపాన్ మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. గీత భూగోళం మీద గీశారు, జేబు చూసి గీయలేదు. ఆ లోటు ఉంది.

కమ్యూనిస్టు మాట మాత్రం కాదు తమ్ముడూ. ఇక్కడ ఐదేళ్ళకోసారి ప్రభుత్వం మారడం మొన్నమొన్నటి దాకా ఆనవాయితీ. కాంగ్రెస్ కూటమి ఉన్నప్పుడూ ఇదే రూలు, ఇదే పండగ. మలయాళ సినిమా మొట్టమొదటిసారి సువర్ణ చకోరం గెల్చింది 2015లో, జయరాజ్ 'ఒట్టాల్'. అప్పుడున్నది ఊమెన్ చాందీ ప్రభుత్వమే. అది కూడా గమనించు: సొంత గడ్డ మీద పోటీ పెట్టుకుని, సొంత భాషకి పెద్ద బహుమతి రావడానికి అన్నేళ్ళు పట్టింది. మనమైతే రెండో ఏడే ఇచ్చేసుకుందుము.

నిప్పుకోడి
>> మనమైతే రెండో ఏడే ఇచ్చేసుకుందుము
మొదటి ఏడే అండీ. జీవనసాఫల్యం కూడా కలిపి.

కరీంనగర్_ప్రొజెక్టర్
మీరందరు పండుగ గురించి మాట్లాడుతున్నరు, పండుగకు ముందటి దుక్కి గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. నేను మా ఊరి ఫిల్మ్ సొసైటీల పదేండ్లు కుర్సీలేసిన, ప్రొజెక్టరు మోసిన. గందుకే చెప్తున్న.

కేరళల ఆ జనం ఆకాశంకెల్లి ఊడిపడలె. 1965ల అదూర్ గోపాలకృష్ణన్, కుళత్తూర్ భాస్కరన్ నాయర్ కలిసి త్రివేండ్రంల చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టిండ్రు. అటెన్క ఊరూర పుట్టినయి. గ్రంథాలయం ఉన్న ప్రతి ఊర్ల ఒక సొసైటీ అన్నట్టు. 1980లల్ల మలయాళ డైరెక్టరు జాన్ అబ్రహాం, ఆయన దోస్తులు ఒడెస్సా అని పెట్టి ఊర్లు తిరిగి, వీధుల్ల సినిమాలు ఏసి, జనం దగ్గర రూపాయి రూపాయి జమ జేసి 'అమ్మ అరియాన్' తీసిండ్రు, 1986ల. తీసినంక మళ్ళ ఊర్లు తిప్పి ఊర్కనే చూపెట్టిండ్రు. గట్ల సినిమాకు పైసలిచ్చిన మనిషి రేపు పండుగల క్యూ కట్టడా? వాని సొంత పండుగ గదా అది. ఇయ్యాలటికి గూడ ఐఎఫ్‌ఎఫ్‌కేల ఫిల్మ్ సొసైటీల సమాఖ్య తరపున కె.ఆర్. మోహనన్ పేరు మీద ఒక అవార్డు ఇస్తరు, కొత్త భారతీయ దర్శకునికి. అంటే ఇంటి పెద్దలను గడప బయట నిలవెట్టలె.

మా దగ్గర గూడ లేకుండె కాదు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974 నుంచి ఉన్నది, సారథి స్టూడియోల ప్రివ్యూ థియేటర్ల ఎన్ని చూసినమో. మా కరీంనగర్‌ల 16 ఎం.ఎం. రీళ్ళ పెట్టె బస్సు మీదికెక్కి వస్తుండె. బస్టాండుల దింపుకొని రిక్షాల ఏసుకొని పోవుడు. ఒకసారి మూడో రీలు తెగింది, ఎసిటోను లేదు, నేను బ్లేడుతోని కోసి టేపు అతికిచ్చిన. అతికిచ్చిన కాడ మనిషి తలుపు తీసుడు లేదు, సీదా లోపల ఉన్నడు. సినిమా అయిపోయినంక ఒక లెక్చరర్ సాబ్ లేచి, 'డైరెక్టరు ఆ కట్‌తోని ఏం చెప్పదల్సుకున్నడు' అని అర్ధగంట మాట్లాడిండు. నేను ప్రొజెక్టరు ఎన్క నోరు మూసుకొని నవ్వుకుంట నిలవడ్డ.

నవ్వినా గని, గా లెక్చరర్ సాబ్ లాంటోళ్ళే పండుగను నిలవెట్టేది. కట్ ఎందుకున్నదో అడిగేటోడు ఉండాలె. మా దగ్గర టీవీ వచ్చినంక సొసైటీలు సన్నవడ్డయి, వాళ్ళ దగ్గర అకాడమీ వచ్చి చెయ్యిచ్చింది. వాళ్ళ అకాడమీకి టూరింగ్ టాకీస్ బండి ఉన్నది, పండుగకు ముందు కాసర్‌గోడ్ కెల్లి కిందికి ఊర్లు తిరుక్కుంట సినిమాలేస్తది. చాటింపు అన్నట్టు.

రీలుపెట్టె
అన్నా, ఆ తెగిన రీలు కథకి ఒక పండగ పెట్టొచ్చు.

నాకు ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. పాస్ ధర ఎంతుంటుంది? గోవాలో సూటు బూటూ వేసుకున్నవాళ్ళని దాటుకుని పోవాల్సి వచ్చింది, ఇక్కడా అంతేనా?

గచ్చిబౌలి_అమ్మాయి
నేను 2024లో వెళ్ళాను, పీజీ స్టూడెంటుని. విద్యార్థులకి జీఎస్టీతో కలిపి 590 రూపాయలు, మామూలు వాళ్ళకి 1180. వారం పైన రోజుకి నాలుగైదు సినిమాలు. లెక్కేసుకోండి, మా ఏరియా మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ బకెట్‌తో రెండు టికెట్లు కూడా రావు. సూటు వేసుకున్నవాళ్ళు నాకు ప్రారంభోత్సవం రోజు నిశాగంధి ఓపెన్ ఎయిర్ థియేటర్లో తప్ప ఎక్కడా కనిపించలేదు. తంపానూరులో కైరళి థియేటర్ మెట్లుంటాయి, అసలు పండగ అక్కడే. కట్టన్ చాయ (పాలు లేని టీ) తాగుతూ, డప్పు కొడుతూ, అప్పుడే చూసిన సినిమాని తిడుతూ జనం. నిజంగా తిడతారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఒక ఫిలిప్పీన్స్ సినిమా గురించి కొట్టుకునేంత పని చేశారు, తర్వాత ఒకే బండి మీద వెళ్ళిపోయారు.

బాగోలేనిది కూడా చెప్పాలి. ముందురోజు పొద్దున 8కి యాప్‌లో రిజర్వేషన్ తెరుచుకుంటుంది. 8 గంటల 2 నిమిషాలకి నాకు కావాల్సినవన్నీ ఫుల్. ఒక హాల్లో రిజర్వేషన్ ఉన్నా, ఐదు నిమిషాలు లేటయ్యానని గేటు దగ్గర ఆపేశారు, లోపల ఖాళీ సీట్లు కనిపిస్తూనే ఉన్నాయి. హాలు పేరు చెప్పను, ఆ గేటు దగ్గరున్న అబ్బాయి కూడా నాలాగే నిద్రలేక కళ్ళెర్రగా ఉన్నాడు పాపం. ఈ తలనొప్పి నాకొక్కదానికే కాదు. 2022లో లిజో జోస్ పెల్లిశ్శేరి తీసిన మమ్ముట్టి సినిమా 'నన్‌పకల్ నేరత్తు మయక్కం' మొదటి ప్రదర్శనకి టాగూర్ థియేటర్ దగ్గర రిజర్వేషన్ ఉన్నవాళ్ళు కూడా బయట మిగిలిపోయి పెద్ద గొడవైంది, ముగింపు సభలో అకాడమీ అధ్యక్షుడు మాట్లాడుతుంటే జనం కూశారు కూడా.

రాత్రి ఆఖరి ఆట అయ్యాక ఒక్కదాన్నే ఆటోలో హాస్టలుకి వెళ్ళేదాన్ని. మా అమ్మకి మాత్రం పదింటికే పడుకున్నానని చెప్పా. అమ్మా, ఇది చదవట్లేదు కదా.

బాల్కనీ_రెండొందలు
చూశావా చెల్లీ, నువ్వే చెప్పావు. లెసోతో సినిమాకి కాదు, మమ్ముట్టి సినిమాకి తలుపులు విరిగాయి. పండగ జనం కూడా జనమే. కేరళ వాడు పుట్టుకతో బెర్గ్‌మన్ చూస్తాడని మనం ఇక్కడ కూర్చుని ఊహించుకుంటున్నాం.

గచ్చిబౌలి_అమ్మాయి
అదే కదా అందులో బాగున్నది అన్నా! మమ్ముట్టి కోసం వచ్చినవాడే మర్నాడు పొద్దున బ్రెజిల్ సినిమాకి వస్తున్నాడు. నేను వెళ్ళిన ఏడు గెలిచింది 'మాలూ', బ్రెజిల్‌దే. అమ్మమ్మ, అమ్మ, కూతురు ఒకే ఇంట్లో అరుచుకుంటూ ఉంటారు. మా ఇల్లే. ఆ హాల్లో మెట్ల మీద కూడా కూర్చున్నారు. రెండు రకాల జనం అని వేరుగా ఉండరక్కడ.

మల్లెతీగ_టీచర్
నేను ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మీ మాటలు చదువుతుంటే మన హైదరాబాదు పండగ ఒకటి గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది. మర్చిపోయారా అందరూ? బాలల చలనచిత్రోత్సవం. బంగారు ఏనుగు!

1995 నుంచి రెండేళ్ళకోసారి, నెహ్రూ పుట్టినరోజు చుట్టుపక్కల నవంబరులో హైదరాబాదులో జరిగేది. బాలల చిత్ర సమితి వాళ్ళది. మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళాను. బస్సు దిగేసరికే సగం మందికి వాంతులు. అందులో ఎక్కువమంది అప్పటిదాకా సినిమా అంటే మన హీరోల సినిమాయే అనుకున్నవాళ్ళు. ఇరాన్ సినిమా ఒకటి వేశారు, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మా ఏడో తరగతి పిల్లలకి ఎవరు చదివి చెప్తారు? నేను నాలుగు వరుసలకి వినపడేటట్టు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కాసేపటికి వెనక వరుస నుంచి ఒకడు, 'టీచర్, మీరు ఆపండి, మాకు తెలుస్తోంది' అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్ను ఆపమన్నవాడు వాడొక్కడే. ఆపాను.

అక్కడ పిల్లల జ్యూరీ కూడా ఉండేది, పిల్లలే చూసి పిల్లలే బహుమతి ఇచ్చేవాళ్ళు. ఇంతకన్నా స్పష్టమైన ఉద్దేశం ఏ పండక్కి ఉంది? 2017లో 20వది జరిగింది. తర్వాత మన ఊరికి మళ్ళీ రాలేదు. 2022లో ఆ సమితినే కేంద్రం వాళ్ళ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కేరళ వాళ్ళ పండగ వాళ్ళ అకాడమీది, అందుకే నిలిచింది. మనది ఢిల్లీ నుంచి వచ్చి మన ఇంట్లో బస చేసిన చుట్టం. వెళ్ళిపోయింది, మనం గుమ్మం దాకా కూడా సాగనంపలేదు.

కరీంనగర్_ప్రొజెక్టర్
టీచరమ్మా, దండం. ఆ పిలగాడు ఇప్పుడు యాడున్నడో గని.

మల్లెతీగ_టీచర్
వాడు జేసీబీ నడుపుతాడు నాయనా. సినిమా తీశాడని చెప్పాలని నాకూ ఉంది. కిందటేడు కనిపించి కాళ్ళకి దండం పెట్టాడు. ఆ సినిమాలో చెప్పులు పోగొట్టుకున్న పిల్లాడు దొరికించుకున్నాడా టీచర్ అనడిగాడు. వాడు వేరే సినిమా చెప్తున్నాడేమో, అందులో చెప్పులు లేవు!

నల్లకోటు
ఎంపిక, విధానం అని రాస్తున్నారు కాబట్టి ఒక చట్టం ముక్క చేర్చనివ్వండి. పండగ ఎవరిదైనా, సెన్సారు సర్టిఫికెట్ లేని సినిమా వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం 9వ సెక్షను కింద కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వాలి. పండక్కొచ్చే విదేశీ సినిమాలు చాలావరకు మన సెన్సారుకి వెళ్ళి రావు కదా. అంటే కేరళ వాళ్ళు ఏడాదంతా కూర్చుని ఏరిన జాబితా చివరికి ఢిల్లీలో ఒక ఫైలు.

రెండు సందర్భాలు చెప్తాను. మొదటిది మనకి దగ్గరిది. అకాడమీ డాక్యుమెంటరీలకీ లఘుచిత్రాలకీ వేరే పండగ నడుపుతుంది. 2017లో అందులో మూడు డాక్యుమెంటరీలకి మినహాయింపు రాలేదు. ఒకటి జేఎన్‌యూ విద్యార్థుల మీద, ఒకటి కశ్మీర్ మీద, మూడోది మన రోహిత్ వేముల మీద, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉద్యమం మీద. గుంటూరు పిల్లాడి కథ, హైదరాబాదులో జరిగిన కథ, త్రివేండ్రంలో చూపిద్దామనుకుంటే ఆగిపోయింది. మన దగ్గర చూపిద్దామనుకున్న పండగ ఏదీ లేదు కాబట్టి ఆగే అవసరం కూడా రాలేదు.

రెండోది 2025 డిసెంబరు, 30వ పండగ. మొదట 19 సినిమాలకి మినహాయింపు ఇవ్వలేదు. అందులో 'బ్యాటిల్‌షిప్ పోటెమ్‌కిన్' ఉంది, 1925 నాటిది, సినిమా పాఠం చెప్పే ప్రతి బడిలోనూ చూపించేది. ఈజిప్టు 'క్లాష్', పాలస్తీనా 'వాజిబ్' కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ రెండూ ఏమిటో తెలుసా? 2016లో, 2017లో ఇదే పండగలో సువర్ణ చకోరం గెలిచినవి. తాము పట్టం కట్టిన సినిమాని తామే మళ్ళీ వేసుకోవడానికి అనుమతి అడగాల్సి వచ్చింది. అన్నీ వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం అంది, గొడవ జరిగాక చాలావాటికి అనుమతి వచ్చింది, కొన్నిటికి చివరిదాకా రాలేదు.

తోక మీద జెండా అని బాల్కనీ గారు అన్న మాటకి ఇది నా జవాబు. జెండా తోక మీదే ఉందనుకుందాం. పైవాళ్ళకి కనిపించింది ఆ తోకే మరి.

బాల్కనీ_రెండొందలు
లాయరు గారితో వాదించడం నా వల్ల కాదు సార్. ఆ 'వాజిబ్' సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా.

కానీ సర్కారు డబ్బుతో పండగ నడిపి, సర్కారు మీద తిరగబడుతున్నాం అంటే కొంచెం నవ్వొస్తుంది. వాళ్ళది కాకపోతే పైవాళ్ళది, అంతేగా తేడా.

తుంబా_అనంతపురం
సర్కారు డబ్బు అన్నావు కాబట్టి 2018 చెప్పాలి. ఆగస్టులో వరదలు. రాష్ట్రం ఉత్సవాలన్నీ ఆపేసింది, పండక్కి పైసా ఇవ్వలేనంది. అకాడమీ వాళ్ళు మేమే ఎలాగో నడుపుకుంటాం అన్నారు. పాస్ 2000 చేశారు. మేం గొణుక్కుంటూనే కట్టాం. ఆ ఏడాది ఏం కోశారో చూడు. జీవనసాఫల్య పురస్కారం కోశారు, పాటలూ ఆటలూ కోశారు, ఒక రోజు తగ్గించారు. పోటీ విభాగం ఉంది, మూడు ఖండాల రూలు ఉంది. డబ్బుల్లేనప్పుడు ఇంట్లో ఏది అమ్ముతారు, ఏది దాచుకుంటారు అన్నదాన్ని బట్టి ఆ ఇంటివాళ్ళకి ఏది విలువో తెలుస్తుంది. నాకు విధానం అంటే అదే. వెబ్‌సైట్లో రాసుకున్నది కాదు.

మన రెండు రాష్ట్రాల్లో డబ్బు లేదనకు. 1964 నుంచి నంది అవార్డులు ఇచ్చాం, ఆగిపోయాయి. 2025లో తెలంగాణ గద్దర్ అవార్డులు ఇచ్చింది. సంతోషమే. కానీ అవార్డుతో తీసినోడికి బొమ్మ దొరుకుతుంది, చూసేటోడికి సినిమా దొరకదు.

నిప్పుకోడి
బొమ్మ అంటే గుర్తొచ్చింది, పక్కదారి పడుతున్నందుకు క్షమించాలి. సువర్ణ చకోరం అంటే మన ప్రబంధాల్లో వెన్నెల తాగే పక్షి అనుకుని మురిసిపోయాను. బొమ్మ చూస్తే తెలిసింది, అది జెముడుకాకి! ఎర్ర కళ్ళు, ఇటుక రంగు రెక్కలు, కంచెల్లో 'ఊప్ ఊప్' అని అరుస్తుందే, అది. మలయాళంలో దాన్నే చకోరం అంటారట. మా నాయనమ్మ అది ఎదురైతే శకునం బాగుందనేది. ఏదో వెన్నెల తాగి బతికే పక్షి కంటే, చెరుకు తోటలో పురుగూ పామూ ఏరుకు తినే పక్షే ఇలాంటి పండక్కి సరిపోయిందనిపించింది.

పండగ గుర్తు కూడా అలాంటిదే. లంకాలక్ష్మి తోలుబొమ్మ, వాళ్ళ తోల్‌పావకూత్తులోది. దర్శకుడు అరవిందన్ చేసిన రూపం. మన నిమ్మలకుంట తోలుబొమ్మల పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, మనవి రంగులు ఎక్కువ, కొంచెం బొద్దు.

నల్లకోటు
పక్కదారి కాదండీ, బాగుంది. తెర మీద నీడ పడ్డం తోలుబొమ్మతోనే కదా మొదలు.

గచ్చిబౌలి_అమ్మాయి
ఒక విషయం ఎవరూ అనలేదు. సబ్‌టైటిల్స్. టీచర్ గారు నాలుగు వరుసలకి చదివి చెప్పానన్నారు కదా. కేరళలో ఎంసోన్ అని ఒక గుంపు ఉంది, 2012 నుంచి ప్రపంచ సినిమాలకి మలయాళంలో సబ్‌టైటిల్స్ రాసి ఊరికే పెడుతున్నారు. జీతం లేదు, ఎవరికి నచ్చింది వాళ్ళు రాస్తారు. డిగ్రీ చదవని మనిషి కూడా జపాన్ దర్శకుడు కురొసావాని తన భాషలో చదువుకుంటాడు. మనకి అలాంటిది ఉందా? నేను 'ఉతామ' ఒక పావుగంట తెలుగులోకి రాసి చూశాను, అంకుల్ పోస్టు చూశాకే. లామాని ఏమనాలి? గొర్రె అంటే అబద్ధం, ఒంటె అంటే నవ్వుతారు.

తుంబా_అనంతపురం
లామా అనే ఉంచమ్మా, కనిపిస్తుంది కదా తెర మీద. బోరింగు దగ్గర మాటలు మాత్రం మా సీమ మాటల్లో రాయి, నేను సాయం చేస్తా. (అంకుల్ కాదు, అన్న.)

మల్లెతీగ_టీచర్
నేను కూడా చేస్తాను తల్లీ. ఖాళీగానే ఉన్నాను. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టండి.

రీలుపెట్టె
నేనొక నిబంధన గురించి అడిగితే ఎక్కడికో వెళ్ళింది. సరే, మా బృందంతో మాట్లాడాను. ఆ రెండు కుర్చీల కోసం పంపుతున్నాం. రాకపోతే 'ఇండియన్ సినిమా నౌ' విభాగం ఉంది, అదీ రాకపోతే 1180 కట్టి మెట్ల మీద కూర్చుంటాం. బాల్కనీ బ్రదర్, నువ్వూ వస్తున్నావు. రుమేనియా సినిమాలు ఎన్ని వేశారో లెక్కపెట్టే పని నీది.

బాల్కనీ_రెండొందలు
వస్తా. కానీ ఫిలిప్పీన్స్ సినిమా ఐదు గంటలుంటే మధ్యలో లేచిపోతా, అప్పుడు విధానం అనొద్దు. ట్రైన్ ఏది?

తుంబా_అనంతపురం
సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే కూర్చోండి, యాప్‌లో సీటు కంటే ఇది కష్టం. డిసెంబరులో ఆ బండి మొత్తం అయ్యప్ప స్వాములే. బెర్తు దొరికినా దాని మీద ముగ్గురుంటారు, ఇరుముడి ఒకటి మీ తల దగ్గరుంటుంది, తెల్లవారుజామునే శరణుఘోష మొదలు. మాంసం డబ్బాలు తెచ్చుకోవద్దు, బాగుండదు. చెంగన్నూరులో అందరూ దిగిపోతారు. అక్కణ్ణుంచి బోగీ ఖాళీ, కాళ్ళు చాపుకుని పడుకోండి. స్టేషన్‌కి నేనొస్తా. కైరళి మెట్లు అక్కణ్ణుంచి నడిచే దూరమే.